ఆరో కప్పు

జిమ్మాలో కాఫీ గింజలు పరీక్షించే గదిలో
కప్పులు కడిగే పని నాది. పద్దెనిమిదేళ్లుగా.
ఒక్కో సరుక్కి ఐదు కప్పులు.
చెంచాలు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగేవాళ్లు
జుర్రుమని పీల్చి, నాలుక మీద తిప్పి
డబ్బాలో ఉమ్మేస్తారు.
ఆ డబ్బా కడిగేదీ నేనే.
అందుకే నాకు ముందు తెలిసింది.

లెలీసె నాలుక మీద ఈ కొండల్లో సగం అప్పులు తీరతాయి.
ఆమె ఎనభై ఆరు అంటే
హరార్ వ్యాపారి కూడా నోరెత్తడు.

సోమవారం మొదటి కప్పు దగ్గరే ఆగింది.
"ఇనుము" అంది.
రెండోదీ ఇనుమే.
మూడోది, తుప్పు పట్టిన తాళంచెవి.
ఫెకాదు గారు కెటిల్ మార్పించారు, నీళ్లు మార్పించారు,
చెంచాలు మార్పించారు,
సబ్బు వదల్లేదేమోనని నా చేతులు కూడా వాసన చూశారు.
నేనేమీ అనలేదు.
మంగళవారం డబ్బాలో కాఫీ తక్కువ, ఉమ్ము ఎక్కువ.

బుధవారం వేపుడు మొదలై గింజ చిటపటలాడే వేళ
పొగకి ఎదురెళ్లే మనిషి
కిటికీ పక్కకి పోయి నిలబడింది,
వీధిలో ఎవరినో వెతుకుతున్నట్టు.
మధ్యాహ్నం ఇంజెరా మీది పప్పు పక్కకి నెట్టి
నిమ్మకాయ కొరికింది, తొక్కతో సహా.
నాలుగే మెట్లు, ఎక్కి గోడ పట్టుకుంది.
ఏప్రన్ తాడు గుండెల దగ్గర ఒరుసుకుంటోందని
ముడి విప్పి, వదులుగా వేసుకుంది.

నాకు నాలుగు కాన్పులు. ముగ్గురున్నారు.
ఆ ఇనుము రుచి నాకు తెలుసు.
వేళ్లు రోజులు లెక్కపెట్టకముందే
నాలుక లెక్క తేల్చేస్తుంది.
రోజంతా కప్పుల్లో నీళ్లు పోసేదాన్ని నేను,
నీళ్లోసుకున్నది ఆమె.

సింకు దగ్గరికొచ్చింది.
"అస్కాలె అక్కా, నా నాలుక చచ్చిపోయింది."
"చావలేదు. వేరేవాళ్ల కొలువుకెళ్లింది" అన్నాను.

కుళాయి అలా పారుతూనే ఉంది.
"టిమ్కెత్ పండగై ఎన్నాళ్లయింది?"
"ఆరు వారాలు."
"ఆరోజు తెల్లబట్టలు కట్టుకోవడానికి భయపడ్డాను,
నా తేదీ అదే. ఆ తర్వాత..."
ఆ తర్వాత ఏమీ లేదు.
కుళాయి నేనే కట్టేశాను.

నవ్వుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.
"శుక్రవారం గెరా సరుకొస్తుంది" అంది.
"ఎవరికీ చెప్పకు. చెబితే బల్ల దగ్గరికి రానివ్వరు."

శుక్రవారం ఐదు కప్పులు పోసి
ఆరోది కూడా పోసింది,
కప్పుల బండి కింది అరలో, గుడ్డ చాటున.
పద్దెనిమిదేళ్లలో ఆ బల్ల కాఫీ నేను తాగి ఎరగను.
మా ఇంట్లో చిటికెడు ఉప్పేసుకుని తాగుతాం.
వంగి, ఒక గుక్క తీసుకున్నాను.
మింగేశాను. ఉమ్మడం నాకు చేతకాదు.

ఏమిటన్నట్టు చూసింది.
వాళ్ల మాటలు నాకేం వచ్చు?
"తడిసిన మేకపిల్ల ఎండలో ఆరుతున్నట్టుంది" అన్నాను.
పులిసింది, అని రాసుకుంది.
రెండో సరుకు: "మా అమ్మ పెళ్లిపెట్టె మూత తీసినట్టు."
పూల వాసన, అని రాసింది.
మూడోదానికి చాలాసేపు పట్టింది నాకు.
"నారింజ తొక్క చిదిమి
ఆ చేతుల్తో పిల్లాడు నా మొహం పట్టుకున్నట్టు."
ఆమె పెన్ను ఆగింది.
ఏ పిల్లాడని అడగలేదు.
ఎనభై ఎనిమిది వేసింది.

ఆ గింజలు ఎవరివో, ఏ గుట్ట మీద కాసినవో,
అతని అంకె నా నోట్లోంచి వచ్చిందని అతనికి ఎన్నటికీ తెలీదు.
తప్పు చేశామా అంటే, చేశాం.
ఆ రాత్రి కాఫీ నిద్ర పట్టనివ్వలేదు,
తప్పు కాదు.

ఆ సాయంత్రం కప్పులన్నీ కడిగాను.
ఆరోదాని అంచున నా పెదవుల మరక.
రెండుసార్లు తోమాను.
కిటికీ బయట బస్సు కోసం నిలబడి
ఎవరూ చూడట్లేదనుకుని
లెలీసె సంచిలోంచి ఇంకో నిమ్మకాయ తీసింది.