లెబరాన్ నాటి మేత

పెకలోంగన్‌లో మా కాలువ రంగు చూస్తే చాలు,
ఆ వారం వీధికి ఏ ఆర్డరు వచ్చిందో తెలిసిపోయేది.
ఎరుపైతే ఎవరింట్లోనో పెళ్ళి,
నీలమైతే బడిపిల్లల బాతిక్ చొక్కాలు.
ముప్పై ఏళ్ళు మోకాటిలోతున నిలబడి
మైనం వదిలిన బట్టల్ని అందులోనే జాడించాను.
నా కాలిగోళ్ళకి ఇప్పటికీ నాఫ్తాల్ ఊదా.
మనవరాలు అడుగుతుంది:
"నీకెవరు పెట్టారు గోరింటాకు?"

ఇప్పుడు నాది కాపరి పని.
మందలో తలలెన్నో లెక్క తెలియదు.
చెంచాడు బురదలో జావా జనాభాకి మించి ఉంటాయని
సెమరాంగ్ నుంచి వచ్చిన నింగ్రుమ్ చెప్పింది.
పెద్ద చదువు పిల్ల కదా,
సీసాలో ఏవో సీమ పురుగుల్ని తెస్తుందనుకున్నాను.
తేలేదు.
హాజీ మస్రుఖాన్ రంగుల కొట్టం వెనక
ఇరవై ఏళ్ళుగా ఎవరూ తొక్కని నల్లబురదని
చేత్తోనే తోడింది.
"ఇంత విషంలో చావకుండా ఉన్నాయంటే
తినడం నేర్చుకునే ఉంటాయి, పాక్ కస్మురీ."

మొదటి తొట్టికి మూత బిగించాం. గాలి సోకకూడదు.
రెండు నత్రజని అణువులు చేతులు పెనవేసుకున్న చోట
రంగు కాపురముంటుందట.
ఆ పట్టు విడిపిస్తే
రంగు ఎక్కడికో పోదు,
ఉండడం మానేస్తుంది.

ఉత్త రంగుతో వాటి కడుపు నిండదు. కూడు కావాలి.
టోఫు చేసే తర్వియా పారబోసే పులిసిన తేట
రోజుకి నాలుగు బిందెలు మోశాను.
సోడా చవుడుకి ఆ పులుపే విరుగుడు.
వాసన మాత్రం అడక్కండి.
రొహాయా నన్ను వసారాలోనే పడుకోమంది.

పన్నెండో పొద్దున గొట్టం విప్పితే
నీళ్ళు.
నీళ్ళ రంగు నీళ్ళు.
హాజీ దోసిలి పట్టబోయాడు.
ఆ చేతిని, హాజీ చేతిని!
నింగ్రుమ్ చటుక్కున తోసేసింది.
బకెట్లో మూడు ముజాయిర్ చేపల్ని వదిలింది.
మధ్యాహ్నపు అజాన్ లోపే
మూడు తెల్లటి పొట్టలు పైకి తేలాయి.

రంగు చచ్చింది. విషం బట్టలు మార్చుకుంది.
ఎర్రగా పారినప్పుడు కనీసం
పిల్లల్ని దిగొద్దని కసిరేవాళ్ళం.
ఇదేమో అద్దంలా ఉంది.
జీవితంలో మొదటిసారి
తేటనీళ్ళని చూసి భయపడ్డాను.

అందుకే రెండో తొట్టి.
దీనికి మూత లేదు. అడుగు నుంచి రాత్రింబవళ్ళూ గాలిబుడగలు.
అక్కడివాళ్ళు విరిచి వదిలేసిన ముక్కల్ని
ఇక్కడివాళ్ళు నింపాదిగా నముల్తారు,
ఇదో వేరే కులం, ఊపిరి కావలసిన కులం.
నాలుగు నెలలు పట్టింది కుదురుకోడానికి.
మధ్యలో సముద్రపు పోటు వీధిలోకొచ్చి
ఉప్పు కలిసి సగం మంద తుడిచిపెట్టుకుపోయింది.
మళ్ళీ బురద, మళ్ళీ బిందెలు, మళ్ళీ మూడు చేపలు.
ఈసారి వారం బతికాయి. ఒకటి ఎగిరి
బయట పడి చచ్చింది. దాని తప్పే అది.

లెబరాన్‌కి ఊరంతా పది రోజులు సెలవు.
కొట్టాలకి తాళాలు. తర్వియా పుట్టింటికి పోయింది.
పండగ సంగతి పురుగులకెవరు చెప్తారు?
ఈద్ నమాజు అయ్యాక, కొత్త లుంగీ ఎగ్గట్టి,
కెటుపాట్ ఉడికిన గంజి, ఇంత తాటిబెల్లం,
అటకమీద దాచిన పాత రెమజోల్ పొట్లంలోంచి
చిటికెడు కూడా వేశాను,
రుచి మరిచిపోతాయేమోనని.

ఆ రోజు మేం ఎవరు ఎదురైనా అంటాం కదా,
లోపలివీ బయటివీ తప్పులు మన్నించమని.
అలవాటున నోరు జారింది తొట్టి దగ్గర.
ముప్పై ఏళ్ళ కాలువ గుర్తొచ్చిందో ఏమో.
మూత కింద ఏదో బుడుక్కుమంది.

గ్యాసే.

ఇంటికెళ్ళేసరికి కోడికూర చల్లారిపోయింది.
"స్నానం చేసి రా," అంది రొహాయా, తలెత్తకుండానే.