ఎడమచేతి ముడి

జూలై వాన. దాల్కావే నుంచి వచ్చే ఆఖరి బస్సు
మలుపులో హారన్ కొట్టి కొట్టి ఆగింది.
రోడ్డు మధ్య కుక్క. లేవదు.
డ్రైవరు అద్దం దించి "నీదేనా ఇది, నెల్డా?" అన్నాడు.
కాదనడానికి నోరు తెరిచేలోపే
అది లేచొచ్చి నా బూట్ల మీద కూర్చుంది.

ఊచల్లా పక్కటెముకలు. చెవి అంచున ఎండిన నెత్తురు.
మెడలో నీలం తాడు, జానెడు వేలాడుతూ.
ఆల్చిప్పల పెంపకానికి సముద్రంలోకి దించే తాడు అది.
ఇరవై రెండేళ్ళుగా నేను అతుకులేస్తున్న తాడు.

"కొరికి తెంచుకొచ్చింది పాపం," అంది పక్కింటి ఒర్టెన్సియా.
"ఇలా మాడ్చేవాడూ ఒక యజమానేనా? ఉంచేసుకో.
వెతికి వెతికి మళ్ళీ ఆ గుంజకే అప్పజెప్పుతావా?"
ఆమె మనవడు పేరు పెడదామన్నాడు.
వద్దన్నాను.
తిండి పెడితే సాయం. పేరు పెడితే దొంగతనం.

మా దీవిలో కుక్కల్ని ఎవరూ కట్టెయ్యరు.
పొద్దున చర్చి మెట్ల మీద, మధ్యాహ్నం పడవల రేవులో,
చీకటి పడితే ఎవరి పొయ్యి పక్కకు అవి.
తిరిగే కుక్కల్లా తప్పిపోయిన కుక్క కాదు.
ఓసారి సాంతియాగో నుంచి వచ్చిన అమ్మాయెవరో
గొర్రెల్ని కాస్తున్నదాన్ని జాలిపడి కారెక్కించుకుపోతే
ముసలి మాన్సియా మూడు నెలలు
ఈల వేసుకుంటూ గుట్టంతా తిరిగాడు.
జాలికీ చేతులుంటాయి.
అయితే దీన్ని కట్టేశారు కదా, మరి.

ఉడికిన దుంపల్లో చేప తల పిసికి పెట్టాను.
నమల్లేదు, మింగింది.
దీపం కింద తాడు కొస పట్టుకు చూశాను.
కొరికిన తాడుకు కుచ్చుంటుంది, పీచు పీచుగా.
ఇది నున్నగా తెగింది.
కత్తి.
ఎవరో విడిపించారు. లేదా వదిలించుకున్నారు.
రెండిటికీ గాటు ఒకటే.

తర్వాత ముడి చూశాను. చూడకుండా ఉండాల్సింది.
అందరి మెలికా ఒకవైపు తిరిగితే దీనిది రెండోవైపు.
ఎడమచేతి ముడి.
ఈ అఖాతంలో ఎడమచేత్తో ముడేసేవాళ్ళు ముగ్గురు.
ఒకడు నిరుడు నీళ్ళలో పోయాడు.
ఒకడు కెయోన్‌లో చేపల ఫ్యాక్టరీకి పోయాడు.
మూడోవాడు ఫెర్మీన్. నా తమ్ముడు.
ఒక పడవ మోటారు గురించి
తొమ్మిదేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇక చూడాలి, నా న్యాయం ఎంత చురుగ్గా లేచొచ్చిందో!
వాడే మాడ్చాడు, వాడే కొట్టాడు, వాడికెందుకు కుక్క?
యజమాని ఊసే వద్దు, నేనే కాపాడుకుంటాను,
ఇదీ నా తీర్పు.
కుక్క మీద ప్రేమే అనుకున్నాను కాసేపు.
రాత్రి రెండింటికి పొయ్యిలో కట్టె ఒరిగినప్పుడు
అది మోటారని తెలిసింది.

తెల్లారి బయల్దేరాం. తాడు పట్టుకోలేదు.
కుక్క పదడుగులు ముందు నడిచి, ఆగి,
వస్తున్నానో లేదో చూసుకుని, మళ్ళీ పదడుగులు.
కొట్టిన చోటికి ఏ కుక్కా ఇలా దారి చూపించదు.
చూపిస్తుందేమో కూడా.
వాటి విశ్వాసం సంగతి మనకేం తెలుసు.

కంచె దగ్గర ఆగాను. చెక్కపెంకుల ఇల్లు అలాగే ఉంది,
నాన్న వేసిన పసుపు రంగు పొరలు పొరలుగా లేచి.
గుంజ ఉంది. గుంజకు మిగతా తాడు.
పక్కన గిన్నె, కడిగి బోర్లించి ఉంది.
పొగగొట్టంలోంచి పొగ లేదు.
జూలైలో. ఈ దీవిలో.

కుక్క తలుపు గీరుతోంది.
నేనింకా కంచె ఇవతలే,
తొమ్మిదేళ్ళ తర్వాతి మొదటి మాట దొరక్క.
"నీ కుక్క" అనాలా. "ఒరే" అనాలా.
చేతులు మాత్రం అప్పటికే
కంచెవార రేకు కింద
తడవని కట్టెలు ఏరుతున్నాయి.