రాత్రి డేటా

అర్ధరాత్రి దాటాక డేటా చవక.
వాల్విస్ బే మీదికి పొగమంచు కూడా
ఆ వేళకే దిగుతుంది,
చేపనూనె వాసన వేసుకుని.
అలారం మోగకముందే లేస్తాను.
ఫోన్ని కిటికీ ఊచకి ఆనిస్తే రెండు గీతల సిగ్నల్.
తెల్లవారుజాము ఐదులోగా
ఎనిమిది పాఠాలు దింపుకోవాలి.

ఎవరిదో చెయ్యి. ముఖం ఉండదు.
నల్లటి తెర మీద పసుప్పచ్చ గీత గీస్తూ
ఏ దేశపు గొంతో
పైసా అడక్కుండా చెప్పుకుపోతుంది.

మా పిల్లలు పన్నెండో తరగతి గట్టెక్కినవాళ్ళే.
కాలేజీ గేటు దగ్గర మాత్రం
లెక్కల పరీక్ష ఒకటి
కుర్చీ వేసుకుని కూర్చుంది.
హఫేని రెండుసార్లు దాని దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.
ఇప్పుడు హేక్ చేపల ఫ్యాక్టరీలో, బెల్టు ముందు
చేతులు నీలిరంగుకి తిరిగేదాకా
ముళ్ళు ఏరుతుంటాడు.

కోర్సు మొదటిరోజు వాడికో పరీక్ష పెట్టి
ఆరో తరగతికి పంపించింది.
భిన్నాలు.
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
ఇయర్‌ఫోన్లు తీసి, వేలికి చుట్టి, జేబులో పెట్టుకుని
తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.
గట్టిగా వేసినా బాగుండేది.

ఆ రాత్రి నేనూ ఆరో తరగతికి వెళ్ళాను.
భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే
రెండోదాన్ని తలకిందులు చేసి గుణించు,
పదకొండేళ్ళుగా నా నోట అరిగిన మాట.
ఎందుకు తలకిందులు?
ముఖంలేని ఆ గొంతు తాపీగా అడిగింది:
ముప్పావులో అరపావులు ఎన్ని?
ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద వొంపాను.
కుప్పలు చేశాను. చెరిపాను. మళ్ళీ చేశాను.
ఆరు.
ఆరే.
అరపావు చిన్నది కాబట్టే
అన్నిసార్లు పడుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది.
ఈ ప్రశ్న ఒకసారి ఎవరో అడిగారు నన్ను.
కిటికీ పక్క వరుస, పొట్టి చొక్కా, ఎత్తిన చెయ్యి.
కూర్చో, అన్నాను.

షిఫ్టు మారే వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను.
రబ్బరు బూట్ల గుంపులో వాడు.
ఆ రోజు నాకు తెలీదు హఫేనీ,
అందుకే కూర్చోమన్నాను.
వాడు చాలాసేపు తన బూట్లకేసి చూశాడు.
తర్వాత అడిగాడు:
ఆ వీడియో ఎన్ని ఎంబీలు మిస్?

రౌనా ఏడు నిమిషాల పాఠాన్ని
ఇరవైసార్లు వెనక్కి జరిపి వింటుంది,
ఒళ్ళో బిడ్డని జోకొడుతూ.
ఆ గొంతు ఒక్కసారీ విసుక్కోదు.
నేనైతే నాలుగోసారికే
సుద్దముక్క బల్ల మీద పడేసేదాన్ని.
కానీ దానికి రౌనా కనబడదు.
తెర మీద ఆకుపచ్చ టిక్కు పడ్డాక కూడా
ఆమె కనుబొమల మధ్య విడని ముడి ఒకటుంటుంది.
ఇప్పుడు నా ఉద్యోగమల్లా
ఆ ముడిని చూడటమే.

ఉచితం అంటారు దీన్ని.
రాత్రి డేటా, నా నిద్ర,
బిడ్డని పట్టుకునే పక్కింటి పిల్లకి రెండు నూనె రొట్టెలు,
హఫేని వదులుకున్న ఓవర్‌టైం.
లెక్క కట్టాననుకోకండి,
లెక్కల టీచర్ని, వేళ్ళు ఊరుకోవు.

పరీక్ష గురువారం.
ఏమవుతుందో చెప్పే సూత్రం నా దగ్గర లేదు.
ఒంటిగంటా నలభైకి ఫోను వెలిగింది.
మిస్, సున్నాతో ఎందుకు భాగించకూడదు?
రూలు అని మాత్రం చెప్పకండి.

బయట ఓడ ఒకటి మంచులో బూర ఊదుతోంది.
దాని జవాబు నాకు సగమే తెలుసు.
ఉప్పు డబ్బా దగ్గరకి లాక్కున్నాను.
ఈసారి నేనే కూర్చున్నాను.