ఎంక్వైరీ కిటికీ

దేవరకొండ బస్టాండుల
నా కిటికీకి చెయ్యి పట్టేంత బొక్క.
మల్లేపల్లి బస్సెప్పుడని మొదలువెడ్తరు,
పోతరనుకుంటె పోరు.

షుగరు గోలీ మింగితె ఒక్కపొద్దు ఇడిసినట్టేనా?
గోలీ బువ్వ గాదవ్వా, మింగు.
జాన్‌పహాడ్ మొక్కు ఎల్లమ్మకు దీర్చొచ్చునా?
నీ పేరు సైదులాయె, నీకెర్కుంటది.
ఎర్క లేదు. తలూపిన.

సంకల పిలగానితోని ఒకామె:
చందమామల నీళ్లున్నయంట గద,
ఫ్లోరైడుంటదా అండ్ల?

నవ్విన. ఆమె నవ్వలే.
పిలగానికి ఏడేండ్లుంటయేమో,
కాళ్లు కొడవళ్లు.

బోర్డు దిక్కు జూసిన. అన్నీ టైములే.
తెల్వదమ్మా అన్న.
"గంతసేపు సోంచాయించినవ్,
సాలు"
అని మర్రిగూడ బస్సెక్కింది.

ఎనకాయన అప్పటికే
చెయ్యి వెట్టిండు బొక్కల.