నేను వెళ్ళని కచేరీ

టికెట్టు ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.
మడత దగ్గర సీటు నంబరు చెరిగిపోయింది,
వరస మాత్రం కనబడుతోంది: జి.

శనివారం సాయంత్రం ఐదున్నరకి
ల్యాబులో ప్లేట్‌లెట్ల యంత్రం మొరాయించింది.
డెంగీ రోజులు. నలభై రెండు శాంపిళ్ళు బారులో.
నా బదులు రావాల్సిన పిల్ల ఫోనెత్తలేదు.
రవీంద్రభారతిలో తెర లేచే వేళకి
నేనొక పసివాడి రక్తం గొట్టాన్ని
మెల్లగా తలకిందులు చేస్తున్నాను
ఎనిమిది సార్లు, గడ్డకట్టకుండా,
నాకు తెలియకుండానే ఆదితాళంలో.

సోమవారం పొద్దున్న,
నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఇడ్లీ బండి.
నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి వాళ్ళు ముందే ఉన్నారు.
"ఎలా జరిగింది?" అన్నాను.
అడక్కుండా ఉండాల్సింది.

ఫణిభూషణం గారు చట్నీ అంటిన వేలు గాలిలో ఆపి
"తోడి" అన్నారు.
కాసేపు ఇంకేమీ అనలేదు.
రైల్వే ఆడిట్లో ముప్పైనాలుగేళ్ళు చేసిన మనిషి,
మెచ్చుకోవడానిక్కూడా ఓచరు కావాలాయనకి.
"గాంధారం మీద నిలబడింది చూడూ ఆ అమ్మాయి,
నిలబడటం కాదు, ఊగింది,
ఊగడమూ కాదు, మెట్టు మీద కాలు పెట్టీ పెట్టకుండా...
అబ్బే, చెప్తే పోతుంది."
ఇడ్లీ చల్లారింది.
"వయొలిన్ కుర్రాడు మాత్రం తొందరపడ్డాడు" అని
ఒక అభ్యంతరం రాసుకున్నాక గానీ కుదుటపడలేదు.

జోయెల్‌కి తోడి తెలీదు.
బొల్లారం చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు.
"ఘటం ఆయనక్కా!
కుండని పొట్టకి ఆనిస్తే ఒక సౌండు, తీస్తే ఇంకోటి.
చివర్లో ఎగరేశాడు పైకి.
పట్టుకున్నాడులే.
కానీ కుండ గాల్లో ఉన్నప్పుడు, ఆ కాస్సేపు,
అక్కడ కూడా తాళం ఉందక్కా."
నీళ్ళ బకెట్ మీద వాయించి చూపించబోతే
బండి అతను బకెట్ లాక్కున్నాడు.

తస్నీమ్ మైకుల మనిషి.
"మీరందరూ పాట విన్నరు, నేను కరెంటు విన్న.
పల్లవిల ఎడమ స్పీకర్ గుర్రుమన్నది,
ఎవ్వరికి తెల్వలే, నాకు చెమటలు.
మా నానీని తీస్కొచ్చిన, షాలిబండ నుంచి.
ఒక్క మాట అర్థం కాలే ఆమెకు.
ఇంటికి పొయ్యేటప్పుడు అడిగింది:
ఆ బిడ్డ ఏం పోగొట్టుకున్నదే?"

ఎవరూ జవాబు చెప్పలేదు.
సాంబారు గిన్నె మీద మూత దడదడలాడింది.

ఐలయ్య ఫణిభూషణం గారిని ఆటోలో దింపి
గేటు బయటే ఉన్నాడు మూడు గంటలు.
"లోపలికి రమ్మన్నరు గని, బండి ఎవడు చూస్తడు?
గోడ దాటి పాట రాదమ్మా.
దుమ్ము దుమ్మని మద్దెల ఒక్కటే వస్తది,
మిగతాది మనమే కలుపుకోవాలె.
నేను మా తాత ఒగ్గు కథ కలుపుకున్న.
మస్తు కుదిరింది."

ఆదివారం జోయెల్ గచ్చిబౌలికి కూడా పోయాడు,
వానలో, వేలమంది మధ్య, ఏదో బ్యాండు.
ఫోనులో తీసింది వినిపించాడు.
పాట లేదు అందులో.
వాడి అరుపే ఉంది, మొదటినుంచీ చివరిదాకా.
ఫణిభూషణం గారు ఫోను చెవికి ఆనించుకుని
పూర్తిగా విన్నారు.
"శ్రుతి లేదు" అన్నారు.
"ఇంకోసారి పెట్టు."

డబ్బులిచ్చి చిల్లర లెక్కపెట్టుకుంటూ
ఐలయ్యే అడిగాడు చివరికి,
"మరి నువ్వేం విన్నవమ్మా శనివారం?"

ఏం చెప్పను. రాత్రి పదకొండు దాకా
గొట్టాలు, లేబుళ్ళు, బల్లకి ఆనిన మోచేతిలో ఒక వణుకు.
"సెంట్రిఫ్యూజు" అన్నాను, నవ్వుతారని.

తస్నీమ్ నవ్వలేదు.
"ఏ శ్రుతి?" అంది.

గ్లాసు కింద పెట్టి, కళ్ళు మూసుకుని వెతికాను.
ఐదు ఉండొచ్చు.
ఆగే ముందు మాత్రం
మెల్లగా, చాలా మెల్లగా జారుతుంది.