మూడో మెట్టు

ఉప్పలగుప్తం దాటాక, రొయ్యల చెరువుల మధ్య
మురుగుకాల్వ మొగ దగ్గర పంపుహౌసు.
నాలుగు మోటార్లు, రెండు షట్టర్లు, ఒక బల్లి.
ఉప్పుగాలికి తలుపు గడియ పొరలు పొరలుగా రాలుతోంది.
లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని
మేత బస్తా మీద కూర్చున్నాను.

కంట్రోలర్‌లో ఏజెంటుని మేల్కొల్పాలి.
ఏజెంటంటే కమీషన్ పుచ్చుకునేవాడు కాదని
వరహాలుకి ముందు అదే చెప్పాల్సొచ్చింది.
అమలాపురం ఆఫీసు నుంచి అరనిమిషానికోసారి పిలుపొస్తుంది:
రెండో మోటారూ, ఎంత కరెంటు లాగుతున్నావు?
సంపులో నీరెంత? షట్టరు ఎంత లేచింది?
అడిగినదానికి అంకె చెప్పాలి. అంతే.
"ఆయ్ అనాలన్నమాట," అన్నాడాయన.
ఆయ్, అన్నాను.

దొమ్మేటి వరహాలు. ముప్పయ్యొక్కేళ్లుగా లస్కరు.
రాత్రిళ్లు గట్టెంట నడిచి
గేజిరాయికి లాంతరు ఆనించి అంకె చదివి
అవతలి లాకు వాడికి వినబడేలా కేకేసేవాడట.
మేమూ దాన్ని నడకే అంటామని చెప్పాను.
ఒకటి చుక్క మూడు చుక్క ఆరు చుక్క ఒకటి
అలా కొమ్మకొమ్మా దిగి, చివరి ఆకున
అంకె కోసుకు రావడం.
"చెప్పులరగవు గదా," అన్నాడు.

సంకేతపదం 'పబ్లిక్' అని ఫ్యాక్టరీ నుంచే వచ్చింది.
"పబ్లిక్ అంటే జనమేగా?
జనానికంతా తెలిసినదాన్ని తాళమంటారేంటండీ?"
మార్చాను. ఆయన చెప్పిన మాట పెట్టాను.
దొంగో, మనవాడో తెలియడానికి
చీకట్లో ఒడ్డు నుంచి ఒడ్డుకి అరుచుకున్న మాట.
ఇక్కడ రాయను.

తర్వాతి గడి: చదవడం మాత్రమేనా, రాయడం కూడానా?
రాయనిస్తే, ఆఫీసులో కూర్చున్న వేలు
ఇక్కడి షట్టరు ఎత్తగలదు.
కాంట్రాక్టు కాగితంలో రాయనివ్వమనే ఉంది.
వరహాలు బయటికెళ్లి కాల్వలో ఉమ్మి వచ్చాడు.
"పోటు మీద ఎత్తారనుకోండి, సముద్రం లోపలికొస్తది.
ఒకసారొచ్చింది. బొండాడోళ్ల చేలో
మూడేళ్లు గడ్డి మొలవలేదు.
అడగనీండి. తిప్పనీకండి."
మోటార్లకి రాయనిచ్చాను.
షట్టర్లకి చదవడమే.
ఎందుకని పైవాళ్లడిగితే
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

ఇక ట్రాప్. అడక్కపోయినా తనే అరిచే మాట.
ట్రాపంటే ఉచ్చని చెప్తే, "మావు లాంటిదా?" అన్నాడు.
కాదు, ఇందులో చేపే వచ్చి తలుపు కొడుతుంది.
హద్దు ఎంత పెట్టాలి? పుస్తకంలో రెండు మీటర్ల నలభై.
ఆయన నన్ను కిందికి తీసుకెళ్లాడు.
మూడో మెట్టు తడిస్తే పీతలు గోడెక్కుతాయి,
అక్కణ్ణుంచి గంటన్నర టైము.
టేపు వేసి కొలిచాను.
ఒకటీ ఎనభై నాలుగు.

ఫ్లోటుని కర్రతో పైకెత్తాం.
దీపం ఎర్రబడింది. ఆఫీసులో ఏమీ మోగలేదు.
మళ్లీ ఎత్తాం. మోగలేదు.
నూట అరవై రెండో నంబరు తలుపు అక్కడెవరో మూసేశారు.
తిట్టి, బతిమాలి తెరిపించేసరికి దీపాల వేళయింది,
పాటు మొదలై మొగంతా బురద వాసన.
మూడోసారి ఫోను మోగింది:
"మేడం, నీళ్లొచ్చేశాయా?"
ఆ కుర్రాడి గొంతులో నిజం భయం.
వరహాలు ఫోను అందుకుని
"లేదు బాబూ, కర్ర," అన్నాడు.

మిగిలింది ఒక్క గడి: ఎవర్ని సంప్రదించాలి?
తెలుగులో కొడితే అన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి.
ఇంగ్లీషు అక్షరాలు అరువు తెచ్చి ఆయన పేరు కొట్టాను.
వచ్చే నెల రిటైరవుతున్నానని అప్పుడు చెప్పాడు.
చెరిపెయ్యనా, అన్నాను.
"ఉండనీండి. ఇల్లు ఆ కనబడే సందులోనే.
పేరెట్టి కేకేస్తే లేస్తాను."

సేవ్ నొక్కాను.
వెచ్చగా ఉందేమో,
బల్లి డబ్బా మీదికి చేరింది.