వంకాయ రంగు

చీటీ పాడుకున్నా. చేతికొచ్చింది పద్నాలుగువేల ఐదొందలు.
అందులో వెయ్యి కరెంటు బిల్లుకు ముందే ఎత్తిపెట్టినా.
అంగట్లో కాలు పెట్టకముందే
నా ఫోను గురించి నాకు తెలిసింది ఇదొక్కటే:
పదమూడున్నర దాటకూడదు.

మురకంబట్టు నుంచి షేర్ ఆటోలో
ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని చిత్తూరు బజారుకొచ్చినా.
సంచిలో తొమ్మిది పీలికలు.
మిరపపండు ఎరుపు, నెమలికంఠం, రామా గ్రీను, గంధం,
పసుపునీళ్ళలో ముంచి మర్చిపోయినట్టుండే
పేరు తెలియని రంగొకటి,
అన్నిటికన్నా అడుగున
వంకాయ రంగు.

ఆ పీలికది పెద్ద కథ.
దొరసానమ్మ కూతురు చీర ఫొటో పంపింది.
నా పాత ఫోను దాన్ని నీలం అనింది.
నేను నమ్మినా.
లైనింగు గుడ్డ పోయింది, కూలి పోయింది,
ఆ వీధిలో నా మాట పోయింది.
అట్లా ఏడాదిలో నాలుగు జాకెట్లు.

అంగట్లో హేమాద్రి.
మొన్నటిదాకా నిక్కరుకు జేబు కుట్టించుకున్న పిల్లోడే,
ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్తా ఉండాడు:
యాభై మెగాపిక్సెల్ అక్కా, ఐదువేల బ్యాటరీ,
నూట ఇరవై హెర్ట్జ్, ఎనిమిది జీబీ ర్యామ్...
నాకూ కొలతలంటే ఇష్టమే నాయనా,
ముప్పై ఆరు, ముప్పై, పద్నాలుగున్నర.
కానీ నువ్వు చెప్పే నెంబర్లు
ఎవురి ఒంటివి?

వాడు నవ్వలేదు. నన్నే ఫొటో తీసి చూపించినాడు.
అందులో ఎవురో తెల్లగా ఉండారు.
కండ్ల కింద నలుపు లేదు,
పద్దెనిమిదేండ్లు మిషను మీద వంగిన మెడ మీద
ఒక్క గీతా లేదు.
"బ్యూటీ మోడ్ అక్కా, ఊరికే వస్తాది."
ఊరికే వచ్చేదానికి నేను రెండడుగులు ఎడంగానే నిలబడతా.
నన్నే ఇంత మార్చింది,
చీరను ఊరుకుంటాదా?

గాజుబల్ల మీద పీలికలు పరిచినా.
ఒక్కో ఫోను తీసుకోవడం, ఫొటో కొట్టడం,
గుడ్డ పక్కన పెట్టి చూడటం.
వెనకాల ఎవురో గొణిగినారు:
"ఈమె ఫోను కొంటాదా, చీరలమ్ముతాదా?"
పన్నెండువేలది ఎరుపును నారింజ చేసింది.
పదహారువేలది బాగుండాది, అందుకే దాని వైపు మళ్ళీ చూడలేదు.
కిస్తీలుండాయి అక్కా, నెలకు తొమ్మిదొందలే, అన్నాడు.
మిషను కిస్తీ కట్టిన రోజులు గుర్తొచ్చినాయి,
జొరమొచ్చినా పెడలు తొక్కిన రోజులు.
వద్దులే.

పదమూడువేల రెండొందలది మొద్దుగా ఉండాది.
వీపు ప్లాస్టిక్కు, పెట్టె మీద బొమ్మ కూడా లేదు.
నెమలికంఠం నెమలికంఠంగానే వచ్చింది,
గంధం గంధంగానే.
వంకాయకు ఊపిరి బిగబట్టి నొక్కినా.
వంకాయే.

మిషను రొదలో రింగు వినపడాల అన్నా.
హేమాద్రి దాన్ని వీధిలోకి ఎత్తుకుపోయి
లారీ హారన్ల మధ్య మోగించినాడు.
వినపడింది.
"కవరు మూడొందలక్కా."
నాయనా, నేను టైలర్ని.

రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద
అదే పీలికను మళ్ళీ ఫొటో తీసినా.
నీలం.
గుండె జారి కాళ్ళలోకొచ్చింది.
రసీదు కోసం సంచి దులపతా దులపతా
చేతిలో ఉన్న పీలికను చూసినా,
ఫోన్లో దాన్ని కాదు, గుడ్డనే.
అదీ నీలంగానే ఉండాది.

చానాసేపు అట్లే కూచున్నా.
నాలుగు జాకెట్లు.
అందులో పాత ఫోను తప్పెన్నో,
ఈ లైటు కింద దారం ఎంచుకున్న నా తప్పెన్నో
ఇప్పుడెవురు లెక్క తేలుస్తారు?
అది సొరుగులో పడుండాది, పగిలిన అద్దంతో.
దాన్ని తిట్టిన తిట్లు కొన్ని
ఈ ఇంట్లో ఇంకా తిరగతానే ఉండాయి.

మూడొందలు మిగిలినాయి.
మంచి బల్బు ఎంతో
పొద్దున కనుక్కోవాల.